ప్రత్యామ్నాయ ప్రపంచంలో సూపర్‌హీరో హత్య: అపరాధ పరిశోధన కథను అడుగడుగునా నిర్మించే పద్ధతి

గోడ అవతల ఏముందో చూడగలిగినవాడు, ఎదుటివారి మనసు చదవగలిగినవాడు, ఆకాశంలో ఎగరగలిగినవాడు ఉన్న లోకంలో ఒక హత్య జరిగితే అందులో పరిశోధించడానికి ఏం మిగులుతుంది? ఈ తరహా కథ రాయడానికి కూర్చున్న ప్రతి ఒక్కరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతక్కుండా రాయడం మొదలుపెడితే కథ సగంలో ఆగిపోతుంది, లేదా చివరి అధ్యాయంలో అప్పటిదాకా ఎవరూ వినని ఒక కొత్త శక్తి ఊడిపడి ముడి విప్పేస్తుంది. నా మొదటి ప్రయత్నం ఈ రెండో దారినే పోయింది. దాన్ని చదివిన మిత్రుడు ఒకే ఒక మాట అడిగాడు: "ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" ఆ ప్రశ్న సబబైనది కాబట్టే ఈ పద్ధతిని మొదటినుంచి మళ్లీ ఆలోచించుకోవలసి వచ్చింది.

ఈ కథకు కావలసినవి మూడే: మారిన చరిత్ర, హద్దులున్న శక్తి, ఒక శవం. చరిత్రలో వచ్చిన మార్పులోంచి హంతకుడి కక్ష పుట్టాలి. శక్తికి ఉన్న హద్దులోంచి హత్య చేసిన తీరు పుట్టాలి. ఈ రెండూ కుదిరితే ఆ హత్య ఆ లోకంలో తప్ప మరెక్కడా జరగనిదవుతుంది. కుదరకపోతే అది మామూలు డిటెక్టివ్ నవలకు రంగు దుస్తులు తొడిగినట్టే ఉంటుంది.

ఈ తరహాకు అందరూ చూపే రచన అలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన "వాచ్‌మెన్". 1986, 1987 సంవత్సరాలలో 12 సంచికలుగా వెలువడిన ఆ కామిక్, 1985 అక్టోబరులో న్యూయార్కులో జరిగిన ఒక హత్యతో మొదలవుతుంది. అక్కడి అమెరికా వియత్నాం యుద్ధంలో గెలిచింది, నిక్సన్ ఇంకా అధ్యక్షుడిగానే ఉన్నాడు, ముసుగు వీరులను నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. చంపినదెవరో ఇక్కడ చెప్పను. చదవనివారి ఆనందాన్ని పాడుచేయడం తగదు. ఆ హంతకుడి కారణం మాత్రం అలాంటి లోకంలోనే పుట్టగలదని చెబితే చాలు. మన కథను మన నేల మీద ఎలా కట్టుకోవాలో చూద్దాం.

మొదటి అడుగు: మార్పు ఒక్కటే ఉండాలి, దానికి తేదీ ఉండాలి

"ఇది వేరే లోకం" అని ఊరుకుంటే పాఠకుడి కాలికి నేల తగలదు. ఎక్కడ, ఏ రోజున ఆ లోకం మన దారి నుంచి చీలిపోయిందో రచయితకు ఖచ్చితంగా తెలిసి ఉండాలి. రాండల్ గారెట్ 1964 నుంచి రాసిన లార్డ్ డార్సీ పరిశోధన కథలలో ఆ చీలిక 1199లో వస్తుంది: మన చరిత్రలో బాణం గాయంతో మరణించిన ఇంగ్లండు రాజు రిచర్డ్ ఆ కథలలో బతుకుతాడు. ఆ లోకంలో మంత్రవిద్యకు కూడా పాఠ్యపుస్తకాలలో రాసుకోదగినన్ని నియమాలు ఉంటాయి.

ఈ మార్గదర్శి పొడుగునా ఒకే ఉదాహరణను వాడతాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదకు వచ్చింది, పదివేల మందికి పైగా చనిపోయారు. మన కథా ప్రపంచంలో ఆ రాత్రి ఒక జాలరి తీరాన నిలబడి ఆ నీటిని ఆపాడు. అంతే మార్పు. అతడికి రంగు దుస్తులు, ఇంగ్లిషు బిరుదు అక్కర్లేదు. కృష్ణ గట్ల మీద బతికే జనం అతణ్ణి "కరకట్టయ్య" అని పిలుచుకుంటారు. పేరు ఎప్పుడూ ఆ ఊరి నోట పుట్టినట్టు ఉండాలి.

ఇక్కడ ఒక బాధ్యత ఉంది. ఆ రాత్రి తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి. అందువల్ల నిజమైన మృతుల పేర్లు గాని, గుర్తుపట్టగలిగిన కుటుంబాలు గాని కథలోకి రాకూడదు. నిజంగా మునిగిన గ్రామాన్ని నేరస్థుల ఊరిగా చూపకూడదు. నేరం చుట్టూ తిరిగే ఊరు కల్పితమై ఉండాలి.

రెండో అడుగు: మార్పు వెంట గొలుసు పేర్చాలి

ఒక కాగితం మీద ఎడమవైపు మన చరిత్రలో జరిగినవి, కుడివైపు కథా ప్రపంచంలో జరిగినవి రాసుకోవాలి. గొలుసులో లేనిదాన్ని మార్చకూడదు, గొలుసులో ఉన్నదాన్ని మార్చకుండా వదలకూడదు. "వాచ్‌మెన్"లో ఈ క్రమశిక్షణ ఎంత దూరం వెళుతుందంటే, వీరులు నిజంగానే వీధుల్లో తిరుగుతున్న దేశంలో వారి మీద కామిక్‌లు ఎవరికి కావాలని ఆలోచించి, అక్కడి పిల్లలు సముద్రపు దొంగల కామిక్‌లు చదువుతున్నట్టు చూపారు. రోడ్డు పక్కన విద్యుత్ కార్లు కనిపిస్తాయి. వాటి బ్యాటరీలకు కావలసిన పదార్థాన్ని తయారుచేయగల మనిషి ఆ లోకంలో ఉన్నాడు. వీటి కోసం కథ పెద్దగా ఆగదు. ఎక్కువగా వెనుకే నిలబెట్టి వదిలేస్తారు.

మన ఉదాహరణలో గొలుసు ఇలా సాగుతుంది. ఉప్పెన ఆగింది కాబట్టి ఊళ్లు మిగిలాయి, పొలాలు చవుడు బారలేదు. మన చరిత్రలో ఆ విపత్తు తరువాత కోస్తా పొడుగునా తుపాను రక్షణ భవనాలు కట్టారు, హెచ్చరికలను, జనాన్ని తరలించే ఏర్పాట్లను మెరుగుపరిచారు. దాని ఫలితం 1990 మేలో కనిపించింది: 9వ తేదీన కృష్ణా ముఖద్వారం దగ్గర మరో భీకర తుపాను తీరం దాటినప్పుడు లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించగలిగారు, మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. కథా ప్రపంచంలో ఆ భవనాలు లేవు. ఎందుకుంటాయి? కరకట్టయ్య ఉండగా కాంక్రీటు గోడలకు డబ్బు ఎవరు మంజూరు చేస్తారు?

ఈ ఒక్క గమనికతో కథకు కాలం దానంతట అదే కుదిరింది. కరకట్టయ్య శవం 1990 మే 1న దొరకాలి. నాలుగు రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం కమ్ముతుంది. పరిశోధకుడి చేతిలో ఉన్నది తొమ్మిది రోజులు. ఆ తీరానికి ఇప్పుడు మనిషీ లేడు, భవనమూ లేదు. రచయిత బలవంతంగా అతికించిన ఉత్కంఠ కాదిది, మార్పు నుంచే నడిచి వచ్చింది.

మూడో అడుగు: శక్తికి వరంలాగా హద్దులు గీయాలి

ఈ విషయంలో తెలుగు పాఠకుడికి చిన్నప్పటి నుంచే శిక్షణ ఉంది. హిరణ్యకశిపుడి వరం గుర్తుచేసుకోండి: ఇంటా బయటా కాదు, పగలూ రాత్రీ కాదు, మనిషి చేతా మృగం చేతా కాదు, ఆయుధంతోనూ కాదు. గడప, సంధ్యవేళ, నరసింహుడు, గోళ్లు. ప్రతి షరతునూ అక్షరాలా గౌరవిస్తూనే సంహారం జరిగింది. తలుపులు మూసిన గదిలో హత్య కథలన్నిటికీ ఆయువుపట్టు ఇదే. వరం పూర్తిగా ముందే చెప్పేశారు కాబట్టే ఆ ముగింపు మోసం అనిపించదు.

1929లో ఇంగ్లిషు రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాస్తూ అతీంద్రియ శక్తులను ఒక్కమాటతో నిషేధించాడు. తరువాతి కాలంలో సంపాదకుడు జాన్ కాంప్‌బెల్, సైన్స్ ఫిక్షనులో అపరాధ పరిశోధన కుదరదని రచయిత ఐజాక్ అసిమోవ్‌తో వాదించాడు. రచయిత ఎప్పుడంటే అప్పుడు కొత్త యంత్రాన్ని తీసుకురాగలడు కదా అన్నది అభ్యంతరం. అసిమోవ్ దాన్ని ఒప్పుకోలేదు. ఆ లోకపు నియమాలను ముందే పాఠకుడి ముందు పెట్టి, ఆ తరువాత వాటిని దాటకుండా ఉంటే చాలునన్నాడు, అలాగే నవల రాసి చూపించాడు. మనం పాటించవలసింది ఆ మాటనే.

కాబట్టి శక్తి గురించి నాలుగు సంగతులు రాసుకోవాలి: ఏం చేయగలదు, ఏ షరతు మీద, ఎంత మూల్యానికి, ఈ షరతు ఎవరెవరికి తెలుసు. కరకట్టయ్య కదిలే నీటిని ఆపగలడు. ఊపిరి బిగబట్టినంతసేపే ఆపగలడు. ఇది ఊరందరికీ తెలుసు. అతడి పాదాలు నేలను తాకి ఉండాలి; ఇది భార్యకు, ఏళ్ల తరబడి అతడితో పడవ నడిపిన సరంగుకు, పరీక్షించిన ప్రభుత్వ వైద్యుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఇక మూల్యం: ఆపిన నీరు మాయమైపోదు, ఎటో ఒకవైపు వెళ్లి తీరాలి. ఈ మూల్యం సంగతిని మొదటి అధ్యాయంలోనే, ఎవరూ పట్టించుకోని తావులో, ఒక పిల్లవాడి ప్రశ్నగా పెట్టాలి. బడిలో పిల్లవాడు "మరి ఆ నీళ్లన్నీ ఎటు పోయాయండీ?" అని అడుగుతాడు. మాస్టారు నవ్వి పాఠంలోకి వెళ్లిపోతాడు. కథ మొత్తం ఆ ప్రశ్నకు జవాబు.

నాలుగో అడుగు: కక్షను మార్పులోంచే తీయాలి

ఆస్తి, అసూయ, అక్రమ సంబంధం ఏ లోకంలోనైనా హత్యకు దారితీస్తాయి. అవి కథలో ఉండవచ్చు, అనుమానితులకు పంచిపెట్టడానికి పనికొస్తాయి. అసలు కక్ష మాత్రం మన లోకంలో అసాధ్యమైనదై ఉండాలి.

దివిసీమ నుంచి మళ్లిన నీరు కృష్ణకు అవతలి గట్టున ఒక కల్పిత గ్రామాన్ని ముంచింది. దాన్ని అందరూ తుపాను దెబ్బ అనుకున్నారు. సరంగు చెల్లెల్ని ఆ ఊరే ఇచ్చారు. ఆమె ఆ రాత్రి పిల్లలతో సహా పోయింది. పదమూడేళ్లుగా అతడు దేవుడిని తిట్టుకుంటూ, కరకట్టయ్యను దేవుడిలా చూసుకుంటూ బతికాడు. ఒకరోజు అతడికి నిజం తెలిసింది. ఇక్కడ హంతకుడు దుర్మార్గుడు కాడు, హతుడూ నేరస్థుడు కాడు. పదివేల ప్రాణాలు నిలిపినవాడికి తన చేతి నీడ ఎక్కడ పడిందో తెలుసా తెలియదా అన్నదే పుస్తకమంతా మోసే బరువు. దాన్ని రచయిత తేల్చి చెప్పనక్కర్లేదు.

ఐదో అడుగు: హత్య జరిగిన రాత్రిని ముందు రాయాలి

పుస్తకంలో చివరగా వచ్చేది రచయిత బల్ల మీద మొదట పూర్తి కావాలి. గంట గంటకూ ఎవరు ఎక్కడున్నారో, చీకటి ఎంత ఉందో, ఆటుపోట్లు ఏ స్థితిలో ఉన్నాయో సాదా వాక్యాలలో రాసుకోవాలి. సరంగు స్నేహితుణ్ణి వేటకని పడవెక్కించుకున్నాడు. ముఖద్వారం దగ్గర లోతైన చోట వలలో చిక్కించి నీటిలోకి తోశాడు. పాదాలకు నేల అందలేదు, శక్తి పనిచేయలేదు. శవాన్ని పగలంతా మడ అడవిలోని ఒక పాయలో, కొట్టిన కొమ్మల కింద దాచాడు. మర్నాటి రాత్రి ఊరచెరువులో వదిలాడు. నిలకడ నీటిలో అతడి శక్తి పనిచేయదు కాబట్టి మునిగిపోయాడని, లేదా తానే ప్రాణం తీసుకున్నాడని జనం అనుకోవాలి. సముద్రం, పడవ ఎవరి తలపుకూ రాకూడదు.

ఈ కాగితం ఒకటి రెండు పేజీలకు మించనక్కర్లేదు. అయితే ఇందులోని ప్రతి పనీ ఒక జాడ వదలాలి. జాడ వదలని పని కథకు పనికిరాదు.

ఆరో అడుగు: ఆధారాలకు రెండు ముఖాలు ఉండాలి

నా దృష్టిలో ఈ అడుగుకే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఆధారాన్ని దాచిపెట్టడం కళ కాదు. పాఠకుడి కళ్లెదుటే పెట్టి, దానికి వేరే అర్థం సహజంగా తోచేలా చేయడం కళ. శవం మీద వల దారాల గుర్తులు ఉంటాయి, అతడు జాలరి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు. ఇక సరంగు కొట్టిన కొమ్మలు తిల్ల చెట్టువి. మడ అడవుల్లో పెరిగే ఈ చెట్టు పాలు చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే కళ్లు మండి ఎర్రబడతాయి. నాలుగో అధ్యాయంలో పరిశోధకుడైన ముసలి కరణం సరంగును కలిసే ఘట్టాన్ని ఇలా రాయవచ్చు:

"చేతులకేమైందిరా?"

"మోకు ఒరుసుకుపోయిందండి కరణంగారూ. గాలికి పడవ అడ్డం తిరగబోతే లాగి పట్టాను."

కరణం కొబ్బరినూనె గిన్నె అతడి ముందుకు జరిపాడు. సరంగు రెండు చేతులూ, మణికట్ల దాకా నూనె రాసుకున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మూడు రోజులుగా ఏడుస్తున్నాడని అతడి భార్య చెప్పింది.

ఈ కొద్ది వాక్యాలలో హంతకుడు దొరికిపోయాడు. మోకు ఒరుసుకుంటే అరచేతిలో చార పడుతుంది, మణికట్టు మీద బొబ్బలు రావు. కళ్ల ఎరుపుకు ఏడుపు ఒక కారణం, తిల్ల పాలు మరో కారణం. రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే అతడు స్నేహితుడి కోసం నిజంగానే ఏడ్చాడు. "మణికట్ల దాకా" అన్న మాటను వాక్యం చివర పెట్టకూడదు, మధ్యలో ఉంచి నడిచిపోవాలి. చివర పెట్టిన మాట మోగుతుంది. తిల్ల చెట్టు గుణాన్ని కూడా ఈ ఘట్టానికి చాలా ముందే, మేకల కాపరి ఎవరో తన పిల్లవాణ్ణి హెచ్చరిస్తుండగా పాఠకుడికి వినిపించి ఉండాలి. రెండు సంగతులూ పక్కపక్కన ఉంటే గుట్టు బయటపడుతుంది, ఒకటి లేకపోతే అన్యాయమవుతుంది.

ఏడో అడుగు: శక్తిలేని పరిశోధకుణ్ణి ఎంచుకోవాలి

మనసులు చదివే పరిశోధకుడు కథను మూడో పేజీలో ముగిస్తాడు. అతీత శక్తులున్న లోకంలో సామాన్యుడికే పరిశోధన దక్కాలి. అతడికి ఉన్నది ఒక వృత్తిలో జీవితకాలం గడిపిన కన్ను. ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులను 1984లో రద్దు చేశారు. మన మార్పుకు దీనితో సంబంధం లేదు కాబట్టి కథా ప్రపంచంలోనూ అది అలాగే జరిగింది. ఉద్యోగం పోయిన ఒక ముసలి కరణం, అవతలి గట్టు ఊరిలో ఉప్పెనను చూసినవాడు, ఇప్పుడు అవనిగడ్డలో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. దస్త్రాలు ప్రభుత్వానికి అప్పగించినా, ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) 1387 అడంగల్‌కు, అంటే పొలాలవారీగా పైర్ల వివరాలు రాసే దస్త్రానికి, తన చేత్తో రాసుకున్న నకలు అతడి పెట్టెలో ఉంది. ఆ ఫసలీ 1977 జులైలో మొదలైంది, ఉప్పెన అందులోకే వస్తుంది.

ఆ నకలులో ఒక వింత ఉంది. సముద్రం వైపు సర్వే నంబర్లలో వరి నిలబడి ఉంది, నది వైపు నంబర్ల ఎదురుగా "ఉప్పునీటి ముంపు, పైరు లేదు" అని రాసి ఉంది. సముద్రం నుంచి వచ్చే నీరు సముద్రం వైపు పొలాలను దాటకుండా ఊరిలోకి రావడానికి వీల్లేదు. అది తూర్పు నుంచి, దివిసీమ మీదుగా వచ్చింది. కరణం ఈ లెక్కను పూర్తిగా అర్థం చేసుకునేసరికి ఇంకో సంగతి కూడా గుర్తొస్తుంది: రెండు నెలల కిందట సరంగు తన చెల్లెలి భూమి హద్దుల కోసమని ఇదే నకలును అడిగి, అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. కక్షకు నిప్పు పెట్టిన కాగితం తన పెట్టెలోంచే వెళ్లింది. పరిశోధకుడు హంతకుడు కాకూడదని నాక్స్ నియమం. అతడికి నేరంలో తెలియని పాలు ఉండకూడదని ఏ నియమమూ లేదు.

ఎనిమిదో అడుగు: విధివిధానాలు సరిచూసుకోవాలి

లోకం మారినా శవం మారదు. 1990లో అసహజ మరణంపై పోలీసులు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద శవ పంచనామా జరుపుతారు, ఊరి పెద్దల చేత సంతకాలు పెట్టిస్తారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో కాబట్టి మండల రెవెన్యూ అధికారిని పాత పద్ధతిలో తహసీల్దారు అని పిలిస్తే తెలిసినవాళ్లు పట్టేస్తారు. మునిగి చనిపోయినవారి ఎముక మూలుగలో డయాటమ్‌లు అనే సూక్ష్మజీవులు చాలాసార్లు దొరుకుతాయి. ఊపిరి ఉండగా నీరు లోపలికి వెళ్తేనే అవి రక్తంలో కలిసి అంతదూరం చేరతాయి. మంచినీటిలో ఉండే జాతులు వేరు, ఉప్పునీటిలోవి వేరు. చెరువులో దొరికిన మనిషి మూలుగలో ఉప్పునీటి జాతులు కనిపించాయన్న నివేదిక ఏడో రోజున రావడం బాగుంటుంది. ముందే వస్తే కరణానికి పని ఉండదు.

తొమ్మిదో అడుగు: రంగు పెన్సిళ్లతో తిరగరాయాలి

చిత్తుప్రతి పూర్తయ్యాక కొన్ని రోజులు పక్కన పెట్టండి. తరువాత ఎర్ర పెన్సిల్‌తో ఆధారాలను, నీలంతో శక్తి నియమాలను, పచ్చతో మారిన చరిత్ర ఆనవాళ్లను గీయండి. పచ్చ మొదటి యాభై పేజీలలోనే గుమికూడితే రచయిత పాఠం చెబుతున్నాడని అర్థం. దాన్ని విడగొట్టి బజారు మాటల్లో, గోడ మీది రాతల్లో, బస్సు టికెట్టు మీద పంచాలి. నీలం ఆఖరి మూడో వంతులో కనిపిస్తే ఆ నియమాన్ని ముందుకు జరపాలి, జరపలేకపోతే కొట్టేయాలి. ఎర్ర గీత ఒక్క అర్థంతోనే ఉన్న ప్రతిచోటా రెండో అర్థం వెతకాలి.

ఆపైన ఇద్దరికి చదవడానికి ఇవ్వండి: ఒకరు అపరాధ పరిశోధన నవలలు తెగ చదివేవారు, మరొకరు ఆ తీరంలో పుట్టి పెరిగినవారు. హంతకుడు బయటపడే అధ్యాయానికి ముందు ప్రతిని ఆపేసి, ఎవరు చంపారో, ఎలా చంపారో కాగితం మీద రాసివ్వమనండి. మొదటివారు హంతకుణ్ణి పట్టుకుని కారణాన్ని పట్టుకోలేకపోతే చరిత్ర గొలుసులో ఒక లంకె పలచగా ఉంది. రెండోవారు "మా పాయలో ఆ వేళప్పుడు పడవ నడవదు" అంటే వాదించకండి. ఐదో అడుగులో రాసుకున్న కాగితాన్ని తీసి, ఆటుపోట్ల వేళలు సరిచేసుకుని, ఆ రాత్రిని మళ్లీ మొదటి గంట నుంచి రాయండి.